శనివారం అయిదు గంటల వంతు

టాంపెరే,
ఫిబ్రవరి 9, ఆదివారం

తమ్ముడు ఓస్మోకి,

అక్క హెల్కా దీవెనలు. ఇక్కడ నేనూ, నాకు కొత్తగా వేసిన తుంటి కీలూ ఇద్దరం క్షేమం. అక్కడ ఉత్తరాన ఆ చలిలో నువ్వూ, మరదలు రైయా, మీ ముసలి కుక్కా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మర్యాదలు అయ్యాయి. ఇక అసలు సంగతి. నాకు ఒక్కచోట కాలు నిలవడం లేదురా. ఈ ఫ్లాటులో వంటగది నుంచి కిటికీకి, కిటికీ నుంచి వంటగదికి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఫోన్ చేస్తే నువ్వు ఊ, ఆ తప్ప పలకవు. పైగా "తర్వాత చేస్తానక్కా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. కాగితం మీద నువ్వు నన్ను మధ్యలో ఆపలేవు.

నీ షరతులేవీ నేను మర్చిపోలేదు. లిఫ్టు ఉన్న ఫ్లాటులో ఉండాలన్నావు, ఉన్నాను. సైమి పిన్ని మనిద్దరికీ ఇచ్చిపోయిన ఆ కొండ వీధి ఇంటి పనుల్లో వేలు పెట్టకూడదన్నావు, పెట్టడం లేదు. అద్దెల సంగతీ, మరమ్మతుల సంగతీ చూడటానికి ఒక కంపెనీ మేనేజరును పెడదాం, జూన్‌లో నడివేసవి పండక్కి నేనొచ్చినప్పుడు తేల్చుకుందాం అన్నావు. బాగా నడిస్తే ఇల్లు ఆ కంపెనీ చేతిలోనే శాశ్వతంగా ఉండిపోతుంది. నడవకపోతే తాళాల గుత్తి మళ్లీ నా చేతికొస్తుంది. సరే అన్నాను. ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషి చేత దేనికైనా సరే అనిపించవచ్చు.

నవంబరులో పెరట్లో ఎవరూ జారకుండా మంచు మీద ఇసుక చల్లుతూ నేనే జారిపడ్డాను, నిజమే. మేడ మీది వాటాలో ఉండే కౌకో చూసి దిగి వచ్చాడు. అంబులెన్సు వచ్చేదాకా తన కోటు నా మీద కప్పి, ఇసుక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. చాలాసేపటికి "నేలంతా గడ్డకట్టింది" అన్నాడు. "కట్టింది" అన్నాను. ముప్పై ఏళ్లుగా మా ఇద్దరి మధ్య నడిచిన కబుర్లలో అది పెద్దదే. ఇసుక చల్లుతూ పడ్డానంటే ఇల్లు చూసుకోవడం చేతకాదని అర్థం కాదు. చూసుకుంటున్నాను కాబట్టే పడ్డాను.

మేనేజరు పేరు తీయా. నలభై కూడా ఉండవు. నేను మేనేజరమ్మ అంటాను, ఆమె ఎదుట కాదులే. తాళాలు అప్పగించిన రోజున ఒక్కో తాళంచెవికీ ఒక రంగు బిళ్ల కట్టుకుంది. ఏ చెవి ఏ తలుపుదో నేను వేళ్లతో తడిమి చెప్పగలను, ఈ బిళ్లలెందుకమ్మా అన్నాను. "మీ వేళ్లు నాకు లేవు కదా హెల్కా గారూ" అంది. నవ్వుతూనే అంది. అలా నవ్వేవాళ్లంటేనే నాకు అనుమానం.

ఇల్లు అద్దెకివ్వడమంటే ఏమిటో ఆ అమ్మాయికేం తెలుసు చెప్పు? కౌకో పొద్దున్నే రేడియో పెట్టలేదంటే ఒంట్లో బాగాలేదని. కింది వాటాలో ఉండే నర్సు మెర్వి రాత్రి డ్యూటీ చేసి వస్తే ఆ పూట పెరట్లో కట్టెలు కొట్టకూడదు. ఇవి ఏ ఒప్పందంలో రాసుంటాయి? మేడ మీద నేనున్న వాటా అప్పుడే ఒక పంతులమ్మకి ఇచ్చేసింది. నా కిటికీకి పసుపు పరదా కట్టారట. పసుపు!

పరదా సంగతి నీకెలా తెలిసింది అంటావేమో. నిన్న బస్సెక్కి ఒక స్టాపు ముందే దిగి, వీధి మలుపు దాకా నడిచి, అక్కణ్ణుంచే చూసి వచ్చేశాను. షరతుల్లో వేలు పెట్టకూడదని ఉంది గాని చూడకూడదని లేదు.

ఆ కంపెనీ తప్పు ఒకటి దొరకగానే మళ్లీ రాస్తాను. ఎంతో కాలం పట్టదు.

నీ అక్క,
హెల్కా

తా.క. ఈ ఫ్లాటులో స్నానాల గదిని ఆనుకుని బీరువా అంత ఆవిరి స్నానపు సౌనా ఉంది. కరెంటు పొయ్యి. మీట నొక్కితే వేడెక్కుతుంది. ఒక్కసారి కూర్చున్నాను. ఎదురుగా గోడ. ఇక మీట నొక్కలేదు.


టాంపెరే,
మార్చి 16, ఆదివారం

ఓస్మోకి,

అక్క దీవెనలు. క్షేమసమాచారాలు కిందటి ఉత్తరంలోవే. తుంటి బాగుంది, మనసే బాగాలేదు.

తప్పు దొరికిందని గంతేశాను. తీరా చూస్తే అది తప్పు కాదు. ఏం జరిగిందో చెబుతాను విను.

గురువారం బజారులో నల్ల సాసేజి కొట్టు దగ్గర మెర్వి కనిపించింది. మొన్న చలి విరుచుకుపడ్డ రాత్రి తన వంటింటి గొట్టం గడ్డకట్టిందని చెప్పడం మొదలుపెట్టింది. ఆ గొట్టం నాకు తెలియందా? ప్రతి చలికాలమూ గడ్డకడుతుంది. నేను వెళ్లి సింకు కింద బోర్లా పడుకుని హెయిర్ డ్రయ్యరు పట్టుకుంటే పూట గడిచేసరికి కరుగుతుంది. మేనేజరమ్మకు ఆ కిటుకు తెలియదు, ఇప్పుడు తెలిసొస్తుంది అని లోలోపల సంబరపడ్డాను. అబద్ధమెందుకు, సాసేజిలోకి లింగన్ అనే పుల్లటి ఎర్ర పండ్ల జామ్ ఇంకో చెంచా కూడా వేయించుకున్నాను.

మెర్వి ఫోన్ చేసిందట, కంపెనీ మనిషి వచ్చాడట, కరిగించాడట. అంతటితో పోకుండా చలిగాలి గోడలో ఎక్కణ్ణుంచి దూరుతోందో వెతికి ఆ కంత పూడ్చేశాడట. ఇక గడ్డకట్టదట. ఇన్నేళ్లూ నేను గొట్టం వైపే చూశాను గాని గోడ వైపు చూడలేదు.

అక్కడితో ఊరుకోవాల్సింది. నా నోరు ఊరుకుంటుందా? "అయినా ఫోన్ తీసేవాళ్లెవరో ముక్కూమొహం తెలియకుండా, ఏం బాగుంటుంది?" అన్నాను. మెర్వి సాసేజి వైపు చూస్తూ, "ఏమనుకోకండి హెల్కక్కా, మాకు అదే హాయిగా ఉంది" అంది. "కిందటేడు స్నానాలగది కుళాయి నెలరోజులు కారింది. మీకు చెప్పలేదు. చెబితే ఆ మెట్లన్నీ దిగి, పెట్టె మోసుకుని మీరే వచ్చేస్తారు. మీరు మోకాళ్ల మీద కూర్చుని బిగిస్తుంటే నేను పక్కన నిలబడి కాఫీ పెట్టమంటారా అని అడగాలి. చూళ్లేక కింద గిన్నె పెట్టుకున్నా. ఇప్పుడైతే ఫోన్ కొడతా. వాళ్ల పని వాళ్లది, నా కాఫీ నాది."

కోపంతో అనలేదు. నా మీద జాలితో అంది. కోపంగా అని ఉంటే తిరిగి నాలుగు దులిపేసేదాన్ని.

నెలరోజులు కారిందట. నేను పైనే ఉన్నాను. కింద ఎవరు దగ్గినా తెలుస్తుందనుకున్నానే, నీళ్లు కారితే తెలియలేదు. బస్సులో ఇంటికొస్తూ అదే అనుకున్నాను. ఇంటికొచ్చాకా అదే. ఇవాళ్టికి మూడు రోజులైంది.

పొగగొట్టాలు శుభ్రం చేసేవాడు వచ్చివెళ్లాడు. కప్పు మీది మంచు తోయించారు. అన్నీ వేళకే. నీ కార్డు అందింది. "అయితే బాగానే నడుస్తోందన్నమాట" అని ఒకే ఒక్క వాక్యం రాశావు. పుండు మీద కారం చల్లడానికి ఒక్క వాక్యం చాలు.

నీ అక్క,
హెల్కా

తా.క. ఆ పసుపు పరదా ఎండలో చూస్తే మరీ అంత బాగోకుండా లేదు.


టాంపెరే,
ఏప్రిల్ 27, ఆదివారం

ఓస్మోకి,

దీవెనలు. మీ దగ్గర ఇంకా మంచు ఉందని రేడియోలో విన్నాను. ఇక్కడ సరస్సు మీద మంచు పలకలు విడిపోతున్నాయి. మే మొదటి తేదీ పండక్కి నిమ్మ పానకం కలిపి సీసాల్లో పోశాను. ఎవరికోసమని అడక్కు.

ఇవాళ నీతో పోట్లాడటానికి రాయడం లేదు. ఒక సంగతి ఎవరితోనూ చెప్పుకోలేక రాస్తున్నాను.

పెరటి సౌనాకు ఎవరి వంతు ఎప్పుడో నీకు తెలుసుగా. కౌకోది శుక్రవారం. శనివారం అయిదు గంటలు నాది. ఎప్పటినుంచో నాదే. నాలుగింటికి పొయ్యి రాజేసేదాన్ని. అయిదింటికి మెర్వి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేది. పై బల్ల మీద ఇద్దరం కూర్చునేవాళ్లం. పొయ్యి మీద కాలిన రాళ్లపై నీళ్లు పోస్తే ఆవిరి వచ్చి వీపుకు తగిలేది. ఆ గంటసేపట్లో మెర్వి తన ఆసుపత్రి సంగతులు చెప్పేది, నేను మా ఆయన పోయిన రోజుల సంగతులు చెప్పేదాన్ని. బయట ఎదురుపడితే ఎండా వానా తప్ప మాట్లాడుకోం. లోపల అన్నీ మాట్లాడుకునేవాళ్లం.

నేను ఫ్లాటుకు మారాక ఆ వంతు ఏమైందో నాకు తెలియలేదు. నాదే కదా, వెళ్లొచ్చు కదా అంటావు. ఎలా వెళ్లను? ఆ ఇంట్లో ఉండటం లేదు. పిలవకుండా తువ్వాలు భుజాన వేసుకుని వెళితే ఇల్లు వదిలినా పెత్తనం వదల్లేదంటారు. ఒక్క ముక్క, "ఈ శనివారం రండి" అని మెర్వి అంటుందేమోనని చూశాను. బజారులో అంతసేపు మాట్లాడింది, అది మాత్రం అనలేదు.

కిందటి శనివారం ఉండబట్టలేక గేటు దాకా వెళ్లాను. అయిదు కావస్తోంది. సౌనా గొట్టంలోంచి పొగ లేదు. నా వంతున పొయ్యి చల్లగా ఉంది. కౌకో పెరట్లో సైకిలు తుడుస్తున్నాడు. నన్ను చూసి గేటు దగ్గరికొచ్చాడు. "మంచు కరిగింది" అన్నాడు. "కరిగింది" అన్నాను. అతను సౌనా వైపు చూశాడు. నేనూ చూశాను. "కట్టెలు ఎండినవే ఉన్నాయి" అన్నాడు. "ఎండినవే మంచివి" అన్నాను. ఇంకేదో అంటాడేమోనని నిలబడ్డాను. అతనూ నిలబడ్డాడు. చివరికి "సరే మరి" అన్నాడు. నేనూ "సరే మరి" అని బస్సెక్కాను. దారంతా ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియలేదు.

సోమవారం నాడు నీ షరతు తుంగలో తొక్కి మేనేజరమ్మకు ఫోన్ చేశాను. ఇదిగో, ముందే ఒప్పుకుంటున్నాను. శనివారం అయిదు గంటలు ఎవరికిచ్చావని అడిగాను. ఆమె "అది మీ వంతని ఎవరూ నాతో చెప్పలేదండీ" అంది. జనవరిలో అందరినీ కూర్చోబెట్టి శనివారం అయిదు ఎవరిదని అడిగిందట. ఒక్కరూ నోరు తెరవలేదట. మెర్వి నేల చూపులు చూసిందట, కౌకో కిటికీలోంచి చూశాడట. కింద మెర్వి పక్క వాటాలో డ్రమ్ములు వాయించే కుర్రాడికి వంతు లేదని తేలి, దాన్ని ఆ వాటాకు రాసేసిందట. ఆ కుర్రాడు ఒక్కసారి కూడా వెలిగించకుండా ఈ నెల ఖాళీ చేసి వెళ్లిపోయాడు. "ఆ వాటాలో ఎవరు దిగితే వాళ్లది. ఇప్పటికి ఎవరిదీ కాదు" అంది. మళ్లీ తనే, "వంతులు ఉండేవాళ్లకే హెల్కా గారూ. యజమాని అయినా బయటుండేవాళ్లకి ఇస్తే రేపు ఇంకొకరు అడుగుతారు. మీ స్థానంలో ఉంటే మీరైనా అదే అనేవారు కదా" అంది.

అనేదాన్నే. అదే కదా నా బాధ.

నీ అక్క,
హెల్కా

తా.క. పానకం సీసాలు మూడు కౌకో గుమ్మంలో పెట్టి తలుపు తట్టకుండా వచ్చేశాను.


టాంపెరే,
జూన్ 15, ఆదివారం

తమ్ముడు ఓస్మోకి, మరదలు రైయాకి,

ఇద్దరికీ అక్క దీవెనలు. నేను క్షేమం. ఈసారి మనసు కూడా చాలావరకు క్షేమమే. శుక్రవారం పండక్కి వస్తున్నారని రాసిన ఉత్తరం అందింది. కొత్త బంగాళదుంపలు, చేపలు కొనిపెడతాను. కుక్కను కూడా తీసుకురండి.

తేల్చుకుందాం అన్నావుగా, ముందే తేల్చేస్తున్నాను. ఇల్లు కంపెనీకే ఉంచేద్దాం. కాగితాలు తీసుకురా, సంతకం పెడతాను.

నోరు వెళ్లబెట్టకు. ఆరునెలలు భూతద్దం పెట్టి వెతికాను, తీయా పనిలో వంక దొరకలేదు. చూశావా, మేనేజరమ్మ అనడం కూడా మానేశాను. నేను ఇల్లు చూసుకున్నన్నాళ్లూ అద్దెకున్నవాళ్లే నన్ను కనిపెట్టుకుని ఉన్నారేమోననిపిస్తోంది. కుళాయి కింద గిన్నె పెట్టుకున్నది నా కోసం. ఇంతకీ నాకు తాళాల గుత్తి మీద మమకారం లేదురా. ఉందనుకున్నాను. ఇప్పుడు ఆ రంగుబిళ్లల గుత్తి నా ముందు పెడితే తీసుకోను.

నువ్వు రాసిన రెండో సంగతికి జవాబు. ఆ కుర్రాడు ఖాళీ చేసిన కింది వాటాకు తీయా భలే మనిషిని పట్టిందని తెగ మెచ్చుకున్నావు. ఒంటరి పెద్దావిడ, సిగరెట్టు లేదు, కుక్కా పిల్లీ లేవు, పియానో లేదు, అద్దె ఒకటో తారీఖుకే. "నువ్వైతే మళ్లీ డ్రమ్ములు వాయించే కుర్రాణ్ణే తెచ్చేదానివి" అని నన్నో పోటు పొడిచావు కూడా. సరే, పొడిచావు. కాని ఆ పెద్దావిడ గురించి నువ్వనుకున్నంత గొప్పగా ఏమీ వినలేదు నేను. దిగిన రోజే తీయాకు ఫోన్ చేసిందట, కిటికీ సరిగ్గా పడటం లేదని. మర్నాడు గుమ్మం దీపం గురించి. ఆ తర్వాత చెత్తడబ్బా మూత గురించి. యజమానిగా ఉన్నవాళ్లు ఇంట్లో ఏది పాడైనా తల పట్టుకోవాలి గాని, అద్దెకున్నవాళ్లకు ఫోన్ పట్టుకోవడమే పని. ఆవిడకి ఆ రుచి బాగా తగిలినట్టుంది. తీయా ప్రతిసారీ ఓపిగ్గా రాసుకుంటుందట, మనిషిని పంపిస్తుందట. ఆ మనిషి వచ్చి పనిచేస్తుంటే ఆవిడ కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతుందట.

దారిలో జాగ్రత్త. వాన పడొచ్చు, ఈ పండక్కి ఎప్పుడు పడలేదు గనక.

నీ అక్క,
హెల్కా

తా.క. ఈ ఉత్తరం కవరు మీద నా చిరునామా వేయలేదు, గమనించావో లేదో. శుక్రవారం ఆ లిఫ్టు ఫ్లాటుకు వెళ్లకండి, అది ఖాళీ చేశాను. తిన్నగా కొండ వీధి ఇంటికే రండి. కింది వాటాలో దిగిన పెద్దావిడను నేనే.

తీయా దగ్గర అందరిలాగే దరఖాస్తు పెట్టుకున్నాను. చదివి, "ఇంట్లో సగం మీదే అయినా నియమాల్లో సగం తగ్గించను" అంది. మీ వంతు రోజున తప్ప పొయ్యి వెలిగించకూడదు, వేరేవాళ్ల తలుపు తట్టి ఏమైనా పాడైందా అని అడగకూడదు, చలికాలంలో ఇసుక బకెట్టు ముట్టుకోకూడదు అంది. అన్నిటికీ ఒప్పుకున్నాను. మెట్లు లేవు, గడప ఒక్కటే, డాక్టరును అడిగే దిగాను. నీకు చెప్పొద్దని తీయాను బతిమాలాను. "నేను అబద్ధం చెప్పనండీ. ఆయన అద్దెకొచ్చేదెవరని పేరు అడిగితే చెప్పేస్తాను" అంది. నువ్వు అద్దె ఎంతో అడిగావట, పియానో ఉందా అని అడిగావట. పేరు అడగలేదు.

దిగిన వారం శనివారం, ఆ వాటాకు రాసిన వంతు ఇప్పుడు నాదే గనక, నాలుగింటికి పొయ్యి రాజేశాను. కంపెనీవాళ్లు కొట్టి పేర్చిన కట్టెలు, బాగానే మండాయి. అయిదింటికి పై బల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా మళ్లీ గోడే. ఇది చెక్క గోడ, అంతే తేడా. ఇందుకేనా ఇల్లు మారావు హెల్కా అనుకుంటుంటే తలుపు తట్టారు. మెర్వి, భుజాన తువ్వాలు. వెనకాల మేడ మీది పంతులమ్మ. "ఇది మీ వంతు కదా హెల్కక్కా, మేం కూడా రావచ్చా?" అంది మెర్వి. జనవరి నుంచి ఏ శనివారమూ సౌనాలో అడుగు పెట్టలేదట. ఎందుకూ అన్నాను. "మీ ఇంటికి మిమ్మల్ని మేం పిలవడమేంటి, మీరే వస్తారనుకున్నాం" అంది. నీళ్లు పోశాను. ఆవిరికి అందరి కళ్లూ తడిశాయి, నావి కాస్త ముందే తడిశాయి.

శుక్రవారం కౌకో వంతు. పండగ ఆవిరి నీకూ కావాలంటే నేనతణ్ణి అడిగిపెట్టను. అతను పిలుస్తాడని చూస్తూ కూర్చోకు, పిలవడు. తువ్వాలు తెచ్చుకుని, నువ్వే నోరు తెరిచి అడుగు.